దక్షిణాది అరుగుల మీద ఆడ డిటెక్టివులు

మేముంటున్న ఊరి పేరే ఒక చిన్న డిటెక్టివు కథ. నోవై అన్న పేరెలా వచ్చిందని ఇక్కడ ఎవరినడిగినా ఠక్కున ఒకటే జవాబు చెబుతారు. డెట్రాయిట్ నుంచి గ్రాండ్ రివర్ రోడ్డు మీద గుర్రపు బళ్ళు నడిచే రోజుల్లో ఇది ఆరో మజిలీ అట. నంబరు అన్న మాటకు పొట్టి రూపం 'నో', దాని పక్కన ఆరుకు రోమన్ అంకె 'వి ఐ' రాసి ఉంటే, జనం రెండూ కలిపి చదివేశారట. కథ బాగానే ఉంది. చిక్కల్లా తేదీలతోనే. ఈ టౌన్‌షిప్పు ఈ పేరుతో ఏర్పడింది 1832లో. సుంకం కట్టి పోవలసిన చెక్క పలకల రోడ్డు ఈ దారిన పడింది 1850 ప్రాంతాల్లో. రైలు వచ్చింది ఇంకా తర్వాత. రోడ్డు లేని కాలంలో రోడ్డు మీద ఆరో మజిలీ ఎక్కడిది? ఊరి చరిత్ర తెలిసినవాళ్ళు చెప్పే రెండో కథ ప్రకారం, పొట్టి పేరు ఏదైనా పెడితే బాగుండునని నలుగురూ ఆలోచిస్తుంటే, డాక్టర్ ఎమరీ అనే ఆయన తన భార్య చెప్పిన పేరును అందరి ముందూ పెట్టాడట. మేము విన్న కథల్లో ఆ ఇల్లాలి పేరు మాత్రం లేదు. మేమిద్దరం వైద్యులమే కనుక, 'డాక్టరు గారి భార్య' అన్న ఆ మాట మా ఇంట్లో ఒక పూట చర్చకు పనికొచ్చింది లెండి.

నోవై 1969లో నగరమైంది. 1977లో ట్వెల్వ్ ఓక్స్ అంగడి వచ్చాక చుట్టుపక్కల ఊళ్ళకు దీని పేరు బాగా తెలిసింది. ఇప్పుడు జనాభా 66 వేల పైచిలుకు. కారు పరిశ్రమ ధర్మమా అని జపానువాళ్ళూ, మనవాళ్ళూ చాలామంది చేరారు. టాఫ్ట్ రోడ్డులో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. టెన్ మైల్ రోడ్డులో 2010లో కట్టిన లైబ్రరీ ఉంది. నవంబరు నుంచి మార్చి దాకా బయట తలపెట్టే వీలు లేని ఊళ్ళో ఈ రెండూ లేకపోతే మా బోటి సంసారాలు ఏమైపోయేవో!

పోయిన శీతాకాలం ఆ లైబ్రరీలోనే మాకొక కొత్త వ్యసనం పట్టుకుంది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో జరిగే హాస్య డిటెక్టివు నవలలు. ఇంగ్లీషు డిటెక్టివు అనగానే మనకు గుర్తొచ్చేది పైపు కాల్చే పెద్దమనిషో, టోపీ పెట్టుకున్న పోలీసో. వీటిలో అలా కాదు. జోన్ హెస్ అనే ఆవిడ 1987లో మొదలుపెట్టిన నవలల్లో ఆర్కాన్సా రాష్ట్రంలో మాగడీ అనే ఊరుంటుంది. కల్పించిన ఊరు. జనాభా 755. ఆ ఊరి పోలీసు అధికారి ఆర్లీ హాంక్స్ అనే అమ్మాయి. విడాకులు తీసుకుని పుట్టినూరికి తిరిగొచ్చింది. హంతకుణ్ణి పట్టుకోవడం ఒక ఎత్తు, తల్లి సాధింపులు తట్టుకోవడం ఇంకొక ఎత్తు. మార్గరెట్ మారన్ 1992లో మొదలుపెట్టిన కథల్లో నాయిక డెబొరా నాట్ అనే నార్త్ కరొలినా వకీలు. దొంగసారా కాచిన తండ్రికి కూతురు, పదకొండుమంది అన్నల తర్వాత పుట్టింది. జడ్జి పదవికి ఎన్నికల్లో నిలబడుతుంది.

వీళ్ళందరిలోకీ మాకు బాగా దగ్గరైనవాళ్ళు అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్ నగరపు అక్కచెల్లెళ్ళు. రాసినావిడ ఆన్ జార్జ్, మంచి కవయిత్రి కూడా. మొదటి నవల 1996లో వచ్చింది, మొత్తం ఎనిమిది. చెల్లెలు పట్రీషియా ఆన్ రిటైరైన బడిపంతులమ్మ, వయసు అరవై, పిట్టంత మనిషి. అక్క మేరీ ఆలిస్ ఆరడుగుల ఎత్తు, దానికి తగ్గ లావు. ముగ్గురు డబ్బున్న మొగుళ్ళను సాగనంపిన మనిషి. ఒకనాడు ఉన్నట్టుండి పాటలూ డాన్సులూ నడిచే సారాకొట్టు ఒకటి కొనేస్తుంది. ఇంకేముంది, కొన్న మర్నాటికల్లా శవం తేలుతుంది. హంతకుడెవరో మేము చెప్పం. చదువుకోండి.

ఈ నవలల్లో నవ్వు ఎక్కడినుంచి వస్తుందో కొన్నాళ్ళకు గాని మాకు బోధపడలేదు. ఆ మాటతీరు మన ఊళ్ళ మాటతీరే. దక్షిణాది ఆడవాళ్ళకు 'బ్లెస్ హర్ హార్ట్' అని ఒక ఊతపదం ఉంది. దేవుడామెను చల్లగా చూడాలని పైకి అర్థం. అసలు వాడుక వేరు. "ఆమె వంట కుక్కలు కూడా ముట్టవు, బ్లెస్ హర్ హార్ట్" అంటారు. మన పెద్దమ్మలు "పాపం" అనే మాటను వాడే పద్ధతి చూడండి. "పాపం, దానికి ఒంటి మీద బంగారమే గాని ఇంట్లో బియ్యం లేవు" అంటారు. ఆ 'పాపం'లో జాలి ఎంత, సంతోషం ఎంత అన్నది తెలుగువాళ్ళకు వేరే చెప్పాలా? ఒకరికొకరు ఏమవుతారో, ఎవరి తాత ఎవరికి బాకీ ఉన్నాడో, ఎవరింట చావు జరిగితే ఎవరు ఏం వండి తెచ్చారో అన్నీ తెలిసిన ఊళ్ళు అవి. అక్కడ డిటెక్టివుకు వేలిముద్రల పొడి అక్కర్లేదు. అరుగు మీద కూర్చుని వినే ఓపిక ఉంటే చాలు.

మేము ఈ పుస్తకాలు చదివి పడీపడీ నవ్వుతుంటే ఆరో తరగతి చదివే మా అమ్మాయి కథ చెప్పమనేది. చెప్పేవాళ్ళం. ఒకనాడు అడిగింది: "తెలుగులో ఇలాంటి ఆవిడ లేదా?"

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. మా ఇళ్ళల్లో డిటెక్టివు నవలలకు కొదవ లేదు. నాన్నగారి ట్రంకు పెట్టెలో కొమ్మూరి సాంబశివరావు గారి పుస్తకాలుండేవి. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు మాకు ఇంటి మనుషులకన్నా దగ్గర. ఇంటర్ రోజుల్లో అద్దె పుస్తకాల కొట్టు నుంచి మధుబాబు గారి షాడో పుస్తకాలు ఫిజిక్సు పుస్తకం మధ్య పెట్టుకుని చదివాం. అయితే యుగంధరూ మగవాడే, షాడో కూడా మగవాడే. మాకు గుర్తున్నంతలో ఆ కథల్లో ఆడది సాయం కోరుతూ వచ్చేది, లేకపోతే చచ్చిపడి ఉండేది. అమ్మాయికి అప్పటికి జవాబు చెప్పలేదు. "ఆలోచించి చెబుతాం" అన్నాం. పెద్దవాళ్ళు అలా అంటే చెప్పరని పిల్లలకు తెలుసు.

వసంతం సెలవులకు బర్మింగ్‌హామ్ వెళ్ళాం. వైద్య కళాశాలలో మాతో చదివిన స్నేహితుడు అక్కడ ఉద్యోగంలో ఉన్నాడు. ఏడువందల మైళ్ళ పైమాట. నోవైలో బయల్దేరి 275, 75 నంబర్ల ఫ్రీవేలు పట్టుకుని దక్షిణంగా టొలీడో మీదుగా సిన్సినాటి, అక్కడ ఒహాయో నది దాటి లూయీవిల్, నాష్‌విల్, ఆపైన బర్మింగ్‌హామ్. దారిలో ఒక రాత్రి మజిలీ. నోవైలో ఇంకా పార్కింగు లాట్ల మూలల్లో మసిబారిన మంచుగుట్టలుండగానే, టెనెస్సీలో డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా పూసి కనిపించాయి.

ఒహాయో నది దాటడం పటం మీద గీత దాటడం లాంటిది కాదు. ఒకప్పుడు ఈ నదికి ఉత్తరాన బానిసత్వం లేదు, దక్షిణాన ఉంది. తప్పించుకున్న బానిసలు రాత్రిపూట నది దాటి, ఊరూరా దాక్కుంటూ, మా డెట్రాయిట్ చేరి, అక్కడినుంచి అవతలి గట్టున కెనడాకు పోయేవారు. తర్వాత ఇరవయ్యో శతాబ్దంలో కారు ఫ్యాక్టరీల పని కోసం లక్షలాది నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు కూడా, దక్షిణాది నుంచి మిషిగన్ వచ్చారు. మా క్లినిక్కులో పెద్ద వయసు పేషెంట్లు కొందరు ఈనాటికీ "మా ఊరు" అంటే అలబామానో, టెనెస్సీనో చెబుతారు. వాళ్ళు నడిచొచ్చిన దారిలో మేము సెలవుల సరదాకి ఎదురు ప్రయాణం చేస్తున్నామన్నమాట.

దక్షిణాదికి చేరిన కొద్దీ మాకు చిత్రంగా ఇంటికి పోతున్నట్టు అనిపించింది. హోటల్లో వడ్డించే పిల్ల మా అమ్మాయిని కూడా "మామ్" అంది. అక్కడి పిల్లలు పెద్దవాళ్ళకు జవాబు చెప్పేటప్పుడు మన 'అండీ' లాగా ఆ మాట తగిలించాలి, లేకపోతే పెంపకం లేదంటారు. కంచంలో బెండకాయ వేపుడు! పక్కన బొబ్బర్లు ఉడకేసిన కూర. మొక్కజొన్న రవ్వతో చేసిన గ్రిట్స్ అనే జావ, దాన్ని మా అమ్మాయి ఉప్మాకు పెదతల్లి కూతురంది. మజ్జిగ పోసి కాల్చిన రొట్టె. ఇళ్ళ ముందు పొడుగ్గా వసారాలు, వాటిలో ఊగే కుర్చీలు. నోవైలో ఇళ్ళకు ముందుండేది గరాజు తలుపు. పొరుగువాడు కారుతో సహా లోపలికి పోతాడు, తలుపు దానంతటది మూసుకుంటుంది. ఆరేళ్ళయినా ఆయన పూర్తి పేరు మాకు తెలీదు. డిటెక్టివు నవలకు పనికొచ్చే ఊరు కాదు మాది.

బర్మింగ్‌హామ్ 1871లో పుట్టిన ఊరు. ఇనపరాయి, బొగ్గు, సున్నపురాయి మూడూ ఒకే చోట దొరకడంతో ఉక్కు నగరమైంది. విశాఖపట్నంలో చదువుకున్న మాకు ఉక్కు నగరమంటే బంధుత్వమే. రెడ్ మౌంటెన్ అనే కొండ మీద వల్కన్ విగ్రహం ఉంది. రోమన్ల అగ్నిదేవుడు, కమ్మరివాళ్ళ కులదైవం అనుకోండి. 1904 సెయింట్ లూయీ ప్రదర్శన కోసం పోత ఇనుముతో పోశారు. 56 అడుగుల ఎత్తు. ముందు వైపు కమ్మరి తోలు తొడుగు కట్టుకుని ఉంటాడు. వెనకవైపు ఏమీ లేదు. ఆ వెనకభాగం హోమ్‌వుడ్ అనే పేట వైపు తిరిగి ఉంటుంది. ఆ పేటవాళ్ళ మీద ఊళ్ళో ఎన్ని హాస్యాలున్నాయో చెప్పలేం. పాడుబడిన ఆ విగ్రహాన్ని 1999లో దించి బాగుచేసి 2003లో మళ్ళీ నిలబెట్టారు. ఆన్ జార్జ్ ఆఖరి నవల ఆ మరమ్మతు చందాల కోసం జరిగే సభతోనే మొదలవుతుంది. ఎల్విస్ ప్రెస్లీ వేషాలు వేసుకున్నవాళ్ళు వరసగా నిలబడి కాళ్ళు ఎగరేస్తూ డాన్సు చేస్తుంటే, వాళ్ళలో ఒకడు కూలి ముందు వరసలో ఉన్న మన అక్కచెల్లెళ్ళ దగ్గర్లో పడతాడు. పుస్తకం 2001లో వచ్చింది. ఆ ఏడే రచయిత్రి పోయారు. వల్కన్ తిరిగి కొండెక్కడం ఆవిడ చూడలేదు.

మర్నాడు మా స్నేహితుడు మమ్మల్ని పదహారో వీధి బాప్టిస్టు చర్చికి తీసుకెళ్ళాడు. 1963 సెప్టెంబరు 15, ఆదివారం ఉదయం ఈ చర్చిలో బాంబు పేలింది. ప్రార్థనకు తయారవుతున్న నలుగురు నల్ల పిల్లలు పోయారు. ముగ్గురికి పద్నాలుగేళ్ళు. నాలుగో పిల్ల డెనీస్ మెక్‌నెయిర్‌కి పదకొండు. మా అమ్మాయి వయసే. అక్కడి ఫొటో ముందు అది చాలాసేపు నిలబడింది. మేము తొందరపెట్టలేదు.

అక్కడ తెలిసిన ఒక సంగతి మమ్మల్ని ఆ రోజంతా వదల్లేదు. ఆ పని చేసిందెవరో 1965 నాటికే దర్యాప్తు చేసినవాళ్ళకు తెలుసు. అయినా రాబర్ట్ చాంబ్లిస్ అనే మొదటి ముద్దాయికి శిక్ష పడేసరికి 1977 అయింది. ఇంకో ఇద్దరికి 2001లో, 2002లో. 1977 విచారణలో గట్టి సాక్ష్యం చెప్పింది చాంబ్లిస్‌కు వరసకు మేనకోడలు. ఇంటి మనిషి కనుక, అతను అన్న మాటలు విన్నది. విన్నదాన్ని కోర్టులో నిలబడి చెప్పింది. అలాంటి ఊళ్ళో, అలాంటి కుటుంబంలో, అదెంత పనో చెప్పనక్కర్లేదు.

అందరికీ అందరూ తెలిసిన ఊరు, అరుగులు, మర్యాదలు, చావింటికి వంటలు అని మేము మురిసిపోయిన ఆ దక్షిణాదికే ఈ మొహం కూడా ఉంది. అన్నీ తెలిసిన ఊరు అన్నీ తెలిసి నోరు మూసుకోగలదు కూడా. అది మన అగ్రహారాలకూ కొత్త కాదు, మన పేటలకూ కొత్త కాదు.

తిరుగు ప్రయాణంలో కారులో మేము చెప్పుకున్నది బార్బరా నీలీ 1992లో రాసిన నవల గురించి. ఇదీ దక్షిణాదే, నార్త్ కరొలినా. ఇదీ హాస్యమే. నాయిక పేరు బ్లాంచ్ వైట్. రెండు ముక్కలకూ తెలుపనే అర్థం. మనిషి నిగనిగలాడే నలుపు. తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పనిమనిషి. జీతాలు సరిగా ఇవ్వని యజమానుల పుణ్యమా అని ఆమె రాసిన చెక్కులు చెల్లకపోతే జైలుశిక్ష వేస్తారు. కోర్టు నుంచే జారుకుని ఒక డబ్బున్న కుటుంబంలో పనిమనిషిగా దాక్కుంటుంది. ఆ ఇంట్లో ఏదో జరుగుతోంది. పనిమనిషి గదిలో ఉన్నదన్న స్పృహే ఆ ఇంటివాళ్ళకు ఉండదు, ఆమె ఎదుటే అన్నీ మాట్లాడుకుంటారు. ఆమె అన్నీ వింటుంది. మాకు ఆస్పత్రిలో మా పాత వార్డు ఆయా గుర్తొచ్చింది. పేషెంటు మాకు చెప్పని రోగం ఆమెకు చెప్పేది. రౌండ్సుకు ముందు ఆమెను ఒక మాట అడిగిన హౌస్ సర్జను ఆ రోజు ప్రొఫెసరు దగ్గర తిట్లు తినేవాడు కాడు.

"మరి తెలుగులో?" అంది వెనక సీటు. మరిచిపోలేదన్నమాట.

అప్పుడు చెప్పాం మధురవాణి కథ. ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదంటే, కన్యాశుల్కాన్ని మేము డిటెక్టివు నవలలా ఎప్పుడూ చూడలేదు. చూడండి మరి. గురజాడ వారి నాటకం 1892లో విజయనగరంలో మొదట ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో ఆయనే బాగా పెంచి తిరిగి రాశారు. లుబ్ధావధాన్లనే ముసలాయనకు సుబ్బి అనే చిన్నపిల్లను డబ్బుకు కట్టబెట్టబోతారు. అది తప్పించడానికి పిల్ల మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి ముసలాయనకు పెళ్ళి చేస్తాడు. పెళ్ళికూతురు మాయమవుతుంది. భార్యను చంపేశాడని ముసలాయన మీద ఖూనీ కేసు. శవం లేదు, చచ్చినవాళ్ళూ లేరు, అసలు పెళ్ళికూతురే లేదు! ఇంతకన్నా మంచి హాస్య డిటెక్టివు కథ ఆ లైబ్రరీ అర మొత్తంలో మాకు దొరకలేదు. చివరికి ముడి విప్పేది ఎవరు? పోలీసులు కాదు. పెద్ద వకీలు సౌజన్యారావు పంతులు కూడా కాదు. మధురవాణి. మగవేషం వేసుకుని, రాత్రివేళ ఆ వకీలు గారి దగ్గరికి తానే వెళ్ళి, అసలు సంగతి చెప్పి, చెయ్యని ఖూనీ నుంచి ముసలాయన్ని బయట పడేస్తుంది. పోతూ పోతూ గిరీశం గారి బండారం కూడా బయట పెడుతుంది.

"మగవేషం ఎందుకు? మామూలుగా పోవచ్చుగా?" అని అమ్మాయి అడిగింది. వెళ్ళకూడదు, ఆయన ఆమె లాంటివాళ్ళ మొహం చూడడు అన్నాం. "ఎందుకు చూడడు? ఆవిడ ఏం పని చేసేది?"

కెంటకీలో కొన్ని మైళ్ళ దాకా కారులో ఎవరమూ మాట్లాడలేదు. శరీర ధర్మాల గురించి పేషెంట్లతో రోజంతా తడబడకుండా మాట్లాడేవాళ్ళం, సొంత కూతురికి ఈ ముక్క చెప్పడానికి గొంతు పెగల్లేదు. నాట్యగత్తె అని చెప్పి ఊరుకుందామని మాలో ఒకరు ఇంగ్లీషులో గొణిగారు. పిల్లకు మా తెలుగుకన్నా మా ఇంగ్లీషే బాగా అర్థమవుతుందన్న సంగతి ఆ క్షణంలో గుర్తు లేదు. రెండోవారు ఒప్పుకోలేదు. బాంబు సంగతి వినగలిగిన పిల్ల ఇదీ వినగలదు, సగం చెబితే మధురవాణి చేసిన పని ఎంత పెద్దదో తెలియకుండా పోతుందన్నారు. అలాగే చెప్పాం. ఆ రోజుల్లో కొందరు ఆడవాళ్ళను పెళ్ళీ, ఇల్లూ మీకు లేవని చెప్పి డబ్బున్న మగవాళ్ళ దయమీద బతకమన్నారు, రాత్రి వాళ్ళిళ్ళకు పోయిన పెద్దమనుషులే పగలు వాళ్ళను ఛీకొట్టేవారు, మధురవాణి అలాంటి ఇంట పుట్టింది అన్నాం.

కాస్సేపు ఊరుకుని, "అయితే ఆవిడ ముందు కూడా అందరూ అన్నీ మాట్లాడేసుకునేవాళ్ళా, బ్లాంచ్ ముందు లాగా?" అంది. అవునన్నాం. "సుబ్బి వయసెంత?" నీకన్నా చిన్నది అన్నాం. "ఓ" అంది. ఇంకేమీ అడగలేదు. టొలీడో వచ్చేదాకా నిద్రపోయింది.

మన ఇళ్ళల్లో ఒక పొరపాటు అభిప్రాయం తెలియకుండానే పెరుగుతోందని మాకు అనుమానం. ధైర్యం ఇంగ్లీషులోనూ, అణకువ తెలుగులోనూ ఉంటాయని మన ఆడపిల్లలు అనుకుంటున్నారు. మనం వాళ్ళతో తెలుగు మాట్లాడేది ఎక్కువగా "అలా అనకూడదు, పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకూడదు, ఎవరైనా వింటారు" అనడానికే. వాళ్ళు ఇంగ్లీషు పుస్తకాల్లో ప్రశ్నలడిగే ఆడవాళ్ళను చూస్తారు, ఇంటికొచ్చి తెలుగులో ఊరుకోమనే మాట వింటారు. ఇలా అయితే పదేళ్ళకు వాళ్ళు వదిలేసేది ఏ భాషో ఊహించడానికి డిటెక్టివు అక్కర్లేదు. మన భాషలో మధురవాణి నూరేళ్ళకు పైగా ఉంది. పి. పుల్లయ్య గారు తీసిన 1955 సినిమాలో సావిత్రి గారు ఆ వేషం వేశారు. మనమే ఆమెను పరీక్ష పేపర్లో పది మార్కుల ప్రశ్నగా వదిలేశాం. పిల్లలకు పరిచయం చెయ్యాలంటే ఆమె వృత్తి చెప్పవలసి వస్తుందని సిగ్గుపడుతున్నాం.

అంచేత మాదొక చిన్న మనవి. ఉగాదికో, దీపావళికో పిల్లల చేత వేయించే అంశాల్లో ఒకటి తగ్గించి, కన్యాశుల్కం ఆఖరి అంకంలో కొంత భాగం పెద్దవాళ్ళం మనమే వేద్దాం. పిల్లలు ముందు వరసలో కూర్చుని చూస్తారు, ప్రశ్నలడుగుతారు. జవాబులు ముందే తయారు చేసుకుని రావాలి సుమా! మధురవాణి వేషానికి మా ఇంట్లో ఒకరు సిద్ధంగా ఉన్నారు. లుబ్ధావధాన్లు వేషానికి మాత్రం ఇంకా ఎవరూ ముందుకు రాలేదు. నోవై, ఫార్మింగ్‌టన్ హిల్స్, కాంటన్ ప్రాంతాల్లో ఉన్న మిత్రులెవరైనా నెలాఖరులోగా చెబితే పాఠం కాపీ తీయించి ఇస్తాం. తెలుగు కథల్లో, నవలల్లో ఇలాంటి గడుసు ఆడవాళ్ళు ఇంకెవరైనా గుర్తుకొస్తే వాళ్ళ పేర్లు కూడా రాసి పంపండి. మా ఇంట్లో అడిగేవాళ్ళున్నారు.